దక్కను స్వర్ణసిరలు – పూర్వఖనకుల జాడలు



భూగర్భశాస్త్రమును, పురామానవచరిత్రమును ఒక్క జీవితకాలములోనే ఈ దేశమున వేరూరునట్లు చేసిన రాబర్టు బ్రూస్ ఫూట్ స్మృతికి నేటి యీ ప్రసంగమును సమర్పించుచున్నాను. 1858లో భారత భూగర్భ సర్వేక్షణశాఖలో చేరినది మొదలు 1891లో ఉద్యోగవిరమణ చేయువఱకు దక్షిణాపథమున ఆయన పరిశీలింపని శిలాశ్రేణి అరుదు. 1863 మే నెలలో మదరాసు చెంత పల్లావరమున ఎఱ్ఱమట్టి గోతిలో ఆయనకు చేజిక్కిన చేగొడ్డలి, పాతఱాతియుగపు మనుష్యుడు ఈ నేలపై సంచరించెననుటకు మనకు దొరకిన తొలిసాక్ష్యము. మన పూర్వపు కర్నూలు జిల్లా బేతంచెర్ల ప్రాంతమందలి బిల్లసర్గము గుహలలో 1884లో త్రవ్వకములు సాగినది ఆయన పూనికవలననే. ఇప్పుడా సీమలో కంటికగపడని జంతువుల యెముకలు ఆ గుహల మట్టినుండి వెలువడినవి. అట్టి యీయనయే 1880ల చివర ధార్వార్ శిలావ్యవస్థను గూర్చి వ్రాయుచు, దక్షిణభారతమున బంగారమునకు ప్రధానాశ్రయము ఈ శిలలేయని శీర్షికలోనే ప్రకటించెను. శిలను చదివిన కన్నును, మనుష్యుని చేతిపనిని గుర్తించిన కన్నును ఆయన యందు ఒక్కటే. ఆ రెండు దృష్టులు ఒకదానినుండి మఱొకటి విడిపోయినపుడు దక్కనులో బంగారమును వెదకినవారు ఎంత నష్టపోయిరో, కలిసియున్నపుడు ఎంత లాభపడిరో నేడు మనవి చేయదలచినాను.

మొదట బంగారపు సంగతి. అది అరుదైన లోహమని చెప్పనక్కరలేదు గాని, ఎంత అరుదో లెక్కవేసి చూచినప్పుడే భూగర్భశాస్త్రము నెదుట నిలిచిన అసలు ప్రశ్న మనకు తెలియును. భూపటలములో సగటున ఒక టన్ను శిలకు ఉన్న బంగారము కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. గని త్రవ్వి నిలదొక్కుకొనవలెనన్నచో టన్నుకు కనీసము కొన్ని గ్రాములైనను ఉండవలెను. నాలుగు గ్రాముల బంగారమనగా శనగగింజ పాటి ముద్ద. దానిని ఒక టన్ను ఱాతిలో కంటికానని రేణువులుగా వెదజల్లినచో అది మంచి ముడిఖనిజమని నేటి గని యజమానులు సంతోషింతురు. ఆ పాటి ఖనిజము ఏర్పడుటకైనను ప్రకృతి బంగారమును వేయింతలకు తక్కువ గాకుండ ఒకచోటికి చేర్చవలెను. ఈ చేర్పు ఎట్లు జరిగినదన్నదే ప్రశ్న.

బంగారపు పరమాణువు ఈ భూమిలో జనించినది కాదు. న్యూట్రాను నక్షత్రములు ఒండొంటిని ఢీకొని ఏకమగు మహోత్పాతములలో భారమూలకములు పుట్టునన్న ఊహకు 2017 ఆగస్టు 17న ఖగోళవేత్తలు గమనించిన అట్టి సంఘటన బలమైన ఆధారము చూపినది. భూమి తొలినాళ్లలో ద్రవరూపమున నుండగా ఇనుముతోపాటు బంగారములో అధికభాగము భూకేంద్రమునకు దిగిపోయెను. పైన మిగిలిన కొద్దిపాటి బంగారమును పోగుచేయు పని నీటిది. నీరనగా మన చెరువులలోని నీరు గాదు. భూమిలో అనేక కిలోమీటర్ల లోతున, మూడు నాలుగు వందల డిగ్రీల వేడిమిలో, బొగ్గుపులుసు వాయువును గంధకమును తనలో కలుపుకొని శిలల సందులగుండ పైకెక్కు నీరు. నీరు తాకినంత మాత్రమున కరగని బంగారము, ఆ వేడిలో గంధకముతో జతగూడి ఆ నీటిలో కరగి ప్రయాణించును. ఎక్కడనైనను ఇనుము మెండుగా గల శిల ఎదురైనచో, నీటిలోని గంధకమును ఆ ఇనుము లాగికొని పైరైటుగా మాఱును. తోడుపోయిన బంగారము నీటిలో నిలువలేక అచ్చటనే రాలును. మఱియొక విధము గలదు. పగులుకు అడుగున పీడనము పెరిగి పెరిగి, ఒకానొక భూకంపమున శిల చీలి, ఆ చీలికలోనికి నీరు ఎగసిన క్షణమున పీడనము అకస్మాత్తుగా పడిపోవును. అప్పుడు పలుగుఱాయియు, దానివెంట బంగారమును ఆ చీలిక గోడలకు పేరుకొనును. చీలిక మూసికొనిపోయి, మరల చీలి, మరల పూడి, ఇట్లు ఎన్నెన్నో మారులు జరిగిన పిమ్మట మిగిలినదే స్వర్ణసిర. కోలారు ఛాంపియను సిరనుండి తీసిన పలుగుఱాయి ముక్కను చేతబట్టి చూచినచో ఈ చరిత్ర కంటికి గోచరించును: స్వచ్ఛమైన తెలుపు గాదు, నీలిబూడిద రంగు, అందు సన్నని నల్లని చారలు గోడలకు సమాంతరముగా వరుసలు తీరియుండును. ఒక్కొక్క చార ఒక్కొక్క చీలికకు గుర్తు.

ఇక ఆ ఇనుము మెండైన శిలలు దక్కనులో నెచ్చట గలవు? సుమారు రెండువందల డెబ్బది కోట్ల సంవత్సరముల నాడు సముద్రగర్భమున ప్రవహించి గడ్డకట్టిన లావాలు, వానితో గూడిన అవక్షేపములు, కాలక్రమమున నలిగి, ముడుతలు పడి, నిలువుగా తిరిగి, గ్రానైటుల నడుమ సన్నని పచ్చని పట్టీలుగా చిక్కుకొనిపోయినవి. వీనినే శిస్టు మేఖలలనుచున్నాము. ధార్వార్ వ్యవస్థయని ఫూట్ పేరిడినది వీనికే. కోలారు మేఖల ఉత్తర దక్షిణములుగా ఎనుబది కిలోమీటర్ల పొడవున సాగినను, వెడల్పున మూడు మొదలు ఆఱు కిలోమీటర్లను మించదు. దాని దక్షిణభాగము మన చిత్తూరు జిల్లా కుప్పము సీమలోని చిగురుగుంట, బిసానత్తముల మీదుగా సాగును. రామగిరి, పెనకచెర్లల మీదుగా పూర్వపు అనంతపురము జిల్లాలో మఱొక మేఖల. తుగ్గలి వద్ద జొన్నగిరి మేఖల. రాయచూరు దోఆబులో హట్టి, మస్కి. పటముపై ఈ పచ్చని చారలను గుర్తించినవాడు, విశాలమైన గ్రానైటు మైదానములనన్నిటిని వదలి, ఎక్కడ వెదకవలెనో ఒక్క చూపులో నిర్ణయించుకొనగలడు. ఫూట్ మనకు చేసిన మేలు ఇది.

అయితే, ఆ పటము సిద్ధమగుటకు ఎన్నో శతాబ్దముల పూర్వమే ఈ మేఖలలన్నిటిలోను బంగారము త్రవ్వినవారు గలరు. వారి పేర్లు మనకు తెలియవు. శాసనములలో వారు లేరు. వారు విడిచిపోయినది గోతులు, బూడిద, నూఱిన ఱాళ్లు. భూగర్భశాస్త్రజ్ఞుడు గ్రంథములలో నేర్చినది అంతయు ఒక యెత్తు, ఈ గోతులు చెప్పినది ఒక యెత్తు అనుటకు హట్టి కంటె మించిన తావు లేదు. నిజాము రాజ్యమున, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో హట్టి గనులను తెఱచినవారు ప్రాచీనుల పని 640 అడుగుల లోతువఱకు సాగియుండుట చూచి విస్మితులైరి. ఇనుపగొలుసుల యంత్రములు లేవు, మందుగుండు లేదు, నీటిని తోడు పంపులు లేవు. ఆ గోతులలో దొరకిన కొయ్యను పరీక్షింపగా సుమారు రెండువేల యేండ్ల నాటిదని తేలినది. శాతవాహనుల కాలమది.

వారు ఱాతిని పగులగొట్టిన విధమును గోతుల గోడలే చెప్పుచున్నవి. ఉలిదెబ్బల గుర్తులు తక్కువ. గోడలు నునుపుగా, గుండ్రముగా ఒంగియుండును. అడుగున బొగ్గు, బూడిద పొరలుగా మిగిలియుండును. సిర మొగమున కట్టెలు పేర్చి నిప్పిడి, ఱాయి ఎఱ్ఱగా కాలిన పిమ్మట నీరు చల్లినచో పలుగుఱాయి పటపట పగులును. ఆ పెళుసైన ముక్కలను సుత్తెఱాతితో రాల్చి పైకి చేరవేయవలెను. గని లోపల మంట పెట్టినచో పొగ ఎక్కడికి పోవలెను? గాలి ఎట్లు రావలెను? ఆఱువందల అడుగుల లోతున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పికొననిదే ఎవ్వరును ప్రాణములతో పైకి రారు. వారు పైకి వచ్చిరి గనుకనే మరల దిగిరి. మరల దిగిరి గనుకనే అంత లోతు పోయినది. గాలి నడకను ఎఱిగిన ఆ పనివారి జ్ఞానమును నేటి గనుల ఇంజనీరు కూడ గౌరవింపక తీఱదు. పైకి తెచ్చిన ఱాతిని నూఱిన చోటులు గనుల చుట్టునుగల నల్లఱాతి బండలపై నేటికిని కానవచ్చును: అరచేయి పట్టునంతటి నునుపైన గుంటలు, కొన్నిచోట్ల ఒకే బండపై పదుల సంఖ్యలో. ఆ గుంట లోపల వ్రేలు త్రిప్పి చూడుడు. ఎన్ని తరముల చేతులు ఆ నునుపును తెచ్చినవో ఊహించుకొనవచ్చును.

ఈ పని పూర్తిగా అంతరించక పూర్వమే దానిని కన్నులార చూచి వ్రాసిపెట్టినవాడు జాన్ వారెను. టిప్పుసుల్తాను పతనానంతరము, 1802లో, మైసూరు తూర్పుసరిహద్దును కొలుచుటకు వచ్చిన ఈ లెఫ్టినెంటు, హైదరాలీ పుట్టిన బూదికోటకు తూర్పున ఒక చిన్నకొండ చుట్టుపట్ల మట్టిలో బంగారమున్నదన్న వదంతి విని, ఉరిగాములో బహుమానము ప్రకటించెను. ఊరివారు మట్టి తెచ్చి ఆయన కన్నులెదుట కడిగి బంగారు రజను చూపిరి. పిమ్మట మారికుప్పమున ఆయన గోతులలో పనిచేయు వారిని చూచెను: ముప్పది, నలువదియైదు అడుగుల లోతున ఱాతిని రాల్చి, బుట్టలకెత్తి, చేతినుండి చేతికి అందించుకొనుచు పైకి చేర్చువారు పురుషులు, దానిని దంచి, పొడిచేసి, నీట కడిగి రజను వేఱుచేయువారు స్త్రీలు. కోలారు సీమలో తెలుగు ఇంటింట మాటాడు భాష. ఆ స్త్రీలలో మన భాష మాటాడినవారు ఎందఱో ఉండియుందురు. ఆ కడుగుట ఎంత నైపుణ్యముతో కూడినదో చేసిచూచినవారికే తెలియును. కొయ్య మరిగెలో పొడిఱాతిని నీట ముంచి, మణికట్టును లయగా త్రిప్పుచు, తేలికైన పలుగు పొడిని అంచుమీదుగా జాఱవిడువవలెను. పలుగుఱాతి సాంద్రత నీటికి రెండున్నర రెట్లు. బంగారము సాంద్రత పందొమ్మిది రెట్లు. కడపట నల్లని ఇసుక తోకవలె మిగులును; దాని కొసను, చంద్రరేఖవలె వంగిన సన్నని పసుపుగీత కానవచ్చినచో అది బంగారము. కాక పైరైటా యన్న సందియము కలిగినచో సూదిమొనతో నొక్కవలెను: బంగారము అణగి పలుచనగును, పైరైటు పొడియగును. ప్రయోగశాలలు లేనినాడు ఈ పరీక్ష చాలినది. నేటికిని అడవిలో నిలిచిన భూగర్భశాస్త్రజ్ఞునకు ఇదియే తొలిపరీక్ష.

వారెను కథ ఏడు దశాబ్దములు మఱుగున పడియుండెను. 1870లలో లావెల్ అను ఐరిష్ సైనికుడు మైసూరు ప్రభుత్వమునుండి త్రవ్వకపు హక్కులు సంపాదించి ధనము చాలక విడిచిపెట్టెను. 1880లో జాన్ టేలరు సంస్థ రంగమున ప్రవేశించెను. వాటాదారుల ధనము నీళ్లవలె కరగిపోయినది. గనులన్నియు మూతపడవలసియున్న తరుణమున, మిగిలిన కొద్దిపాటి సొమ్మును ప్లమర్ అను గని అధికారి ప్రాచీనుల గోతులను శుభ్రముచేయించి వాని అడుగునకు దిగుటకే వినియోగించెను. పూడిన మట్టిని, నీటిని తొలగించి క్రిందికి పోయినచోట ఛాంపియను సిర తగిలినది. అటుపిమ్మట నూటపదునేనేండ్లకు పైగా సాగిన కోలారు గనుల చరిత్ర అంతయు ఈ ఒక్క నిర్ణయము మీద నిలిచినది. పూర్వులు ఎక్కడ ఆగిపోయిరో, అది సిర ఆగినచోటు గాదు, వారి సాధనము ఆగినచోటు అని గ్రహించుట ఇచ్చటి వివేకము. భూగర్భజలము దాటి వారు పోలేకపోయిరి. దానికి దిగువన సిర యథాతథముగా నిలిచియుండెను.

ఇదే సూత్రమును గ్రుడ్డిగా పట్టుకొనిన వారికి ఏమి జరిగినదో వయనాడు చెప్పును. అచ్చటను ప్రాచీనుల గోతులు కొండలన్నిటను గలవు. 1880 ప్రాంతమున ఆ గోతులను చూపి లండను నగరమున ముప్పదికి పైబడిన కంపెనీలు వాటాలమ్ముకొనినవి. కొన్నేండ్లలోనే దాదాపు అన్నియు నేలకూలినవి. కారణము శిలలోనే యున్నది. ఉపరితలమున ఎండవానలకు పైరైటు కుళ్లి, గంధకము కడుగుకొనిపోయి, బంగారము విడివడి నిలుచును. ఆ మెత్తని తుప్పుఱాతిలో అది గాఢముగా నుండుటయే గాక, కడిగినంతనే దొరకును. పూర్వులు అక్కడ త్రవ్వుకొనినది ఆ మెత్తని భాగము. క్రిందనున్న గట్టి సిరలో బంగారము తక్కువ, అదియు పైరైటు లోపల బిగిసికొని కడిగినను చేతికి రాదు. హట్టిలో, కోలారులో గోతులు లోతుగా, ఒకే సిర వెంబడి సాగినవి; వయనాడులో అనేకములైనను నిస్సారములు. గోయి యున్నదన్న మాట చాలదు. అది ఏ దిక్కున సాగినది, ఎంత లోతున ఆగినది, గోడలో ఏ శిల మిగిలినది, చుట్టును పోసిన కుప్పలో ఏమున్నది అన్నవి కూడ చదువవలెను. ఇక్కడ శిలాశాస్త్రము లేనివాడు పూర్వులను అపార్థము చేసికొనును.

వయనాడు పతనమునకు మఱొక కారణము గూడ గలదు. అది నేటికిని తీరని చిక్కు. బంగారము శిలలో సమముగా పరచుకొని యుండదు. ఒక పెద్ద రేణువు నమూనాలో పడినచో టన్నుకు ముప్పది గ్రాములు కనబడును. దానికి అడుగు దూరమున తీసిన నమూనాలో ఏమియు లేకపోవచ్చును. మంచి ముక్కలను మాత్రమే ఏరి పరీక్షకు పంపినవాడు తన్ను తానే మోసగించుకొనును. దక్షిణాఫ్రికాలో క్రిగె అను ఇంజనీరు 1951లో ఈ అసమతను గణితముతో ఎదుర్కొని, చుట్టునున్న నమూనాల విలువలనుండి మధ్యనున్న శిల విలువను అంచనావేయు పద్ధతికి పునాది వేసెను. నేడు ప్రపంచమున అనేక గనుల లెక్కలు ఆ పద్ధతితోనే సాగుచున్నవి. అంతటి గణితమును నమూనా కల్తీ నెదుట నిరుపయోగమగునని 1997లో ఇండోనేషియాలోని బుసాంగ్ ఉదంతము చూపినది. కెనడా కంపెనీ యొకటి చెప్పుకొనిన మహానిక్షేపము వట్టిదని తేలినది. నూఱిన నమూనాలలో ఎవరో ఏటి ఇసుకలోని బంగారమును కలిపియుండిరి. పట్టిచ్చినది సూక్ష్మదర్శిని: ఏటిలో దొర్లిన రేణువు అంచులు అరిగి గుండ్రనై యుండును, సిరలోని రేణువు గరుకుగా, కొమ్ములుగా నుండును. రేణువు ఆకృతి అబద్ధమాడలేదు.

నమూనాను సరిగా తీసిన పిమ్మట దానిలోని బంగారమును కొలుచు విధానము మన కంసాలుల పుటమునకు జ్ఞాతియే. ముప్పది గ్రాముల ఱాతిపొడిని సీసపు భస్మముతో, సోడాతో, వెలిగారముతో, కొద్దిగా పిండితో కలిపి మూసలో పోసి వేయి డిగ్రీలకు మించిన కొలిమిలో పెట్టుదురు. పిండిలోని బొగ్గు సీసపు భస్మమును సీసముగా మార్చును. కరగిన శిలలోనుండి సీసము చినుకులవలె క్రిందికి దిగుచు దారిలో దొరకిన బంగారమును వెండిని అన్నిటిని తనలో చేర్చుకొని అడుగున గుండగా నిలుచును. ఆ గుండను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి మరల వేడిచేసినచో సీసము కొంత ఆవిరియై, అధికభాగము గిన్నెలోనికే ఇంకిపోవును. కడపటి సీసపుపొర తొలగిన క్షణమున లోపలి పూస ఒక్కసారి మెఱయును; ఆ మెఱుపును చూచి పనివాడు గిన్నెను వెలికిదీయును. పూసనుండి వెండిని నత్రికామ్లముతో తొలగింపగా మిగిలిన బంగారము కంటికి ఆననంతటిది. దానిని సున్నితపు త్రాసులో తూచి, టన్నుకు ఇన్ని గ్రాములని వ్రాయుదురు. ఎన్ని కొత్త యంత్రములు వచ్చినను తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పునది ఈ అగ్నిపరీక్షయే.

కోలారు గనుల ఉత్థానపతనములు చాలమంది ఎఱిగినవే గనుక వేగముగా చెప్పి ముగించెదను. 1902లో శివసముద్రము జలపాతమునుండి నూటనలువది కిలోమీటర్లకు పైగా తీగలు వేసి విద్యుచ్ఛక్తి తెచ్చినది ఈ గనుల కొఱకే. లోతు పెరిగినకొలది వేడి పెరిగి, మూడు కిలోమీటర్లు దాటినచోట ఱాయియే అఱువది డిగ్రీలకు మించి కాలినది. పైనున్న శిలాభారము వలన గోడలు ఫిరంగి మ్రోతతో ప్రేలి రాలుచుండెను. గనివారు దీనిని ‘ఎయిర్ బ్లాస్టు’ అనిరి. ఎందఱో పనివారి ప్రాణములు అందు పోయినవి. చిత్తూరు, ఉత్తరార్కాటు సీమల పల్లెలనుండి పోయినవారి సమాధులు అచ్చట గలవు. ఆ లోతే 1965లో భౌతికశాస్త్రజ్ఞులకు వరమైనది: ఆకాశమునుండి వచ్చు తక్కిన కణములనన్నిటిని శిల అడ్డగింపగా, వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడ రెండు కిలోమీటర్లకు మించిన లోతున అక్కడ చిక్కినది. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్రమును గనులను చేపట్టినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. తొలిరోజులలో టన్నుకు నలువది గ్రాములకు పైబడి ఇచ్చిన సిర తుదకు మూడు నాలుగు గ్రాములకు దిగినది. ఐదు కోట్ల టన్నులకు మించిన ఱాయి త్రవ్వి, సుమారు 800 టన్నుల బంగారము తీసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. సయనైడుతో బంగారము తీయగా మిగిలిన ఱాతిపొడి దిబ్బలు నేటికిని ఊరికి ఎత్తుగా నిలిచి, గాలి వీచినప్పుడెల్ల ఇండ్లపై దుమ్ము పోయుచున్నవి. ఆ ధూళి పీల్చుచున్న కుటుంబములకు ఋణము తీర్చవలసినవారు ఇంకను తీర్చలేదని నా నిశ్చితాభిప్రాయము.

మన తెలుగునేలకు వచ్చెదను. రామగిరిలో ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ప్రాచీనుల గోతుల వెంబడియే గనులు తెఱచి, 1927లో మూసిరి; ఆ శతాబ్ది చివరలో ప్రభుత్వసంస్థ మరల తెఱచి, కోలారుతోపాటే విడిచిపెట్టెను. కుప్పము చెంత చిగురుగుంటలోను అదియే గతి. తొలకరి వానలు పడగానే వజ్రముల కొఱకు జనము పొలములలో తలలు వంచుకొని తిరుగు తుగ్గలి, జొన్నగిరి ప్రాంతమున, భూగర్భ సర్వేక్షణశాఖ చేసిన పరిశోధనలో స్వర్ణసిరలు బయటపడినవి. ఇచ్చట విశేషమేమనగా బంగారము శిస్టులోకంటె దాని ప్రక్కనున్న గ్రానైటువంటి శిలలోని నలిగిన పట్టీలయందు పలుగుసిరలతో కూడియున్నది. పచ్చని చారలను మాత్రమే వెదకువాడు దానిని దాటిపోవును. ప్రాచీనులు దాటిపోలేదు, వారి గోతులు ఆ పట్టీలపైననే యున్నవి.

ఈ తావుకు పది మైళ్ల పరిధిలోనే అశోకుని ధర్మలిపులు గల ఎఱ్ఱగుడి యుండుట కేవలము యాదృచ్ఛికమా? బ్రహ్మగిరి శాసనము సువర్ణగిరినుండి రాజకుమారుడు పంపిన ఆజ్ఞతో మొదలగును. మౌర్యుల దక్షిణపు రాజధానియైన ఆ సువర్ణగిరి జొన్నగిరియేయని కొందఱు, మస్కి చెంతనని కొందఱు, కనకగిరియని మఱికొందఱు పండితులు వాదించిరి. ఏ పక్షము నిలిచినను, మూడును బంగారు సిరలకు చెంతనున్న తావులే. ఎఱ్ఱగుడి శాసనములను లోకమునకు తెలిపినవాడు ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు. మస్కి శాసనమును 1915లో కనుగొనినవాడు నిజాము రాజ్యమున బంగారము వెదకుచు తిరిగిన బీడన్ అను గని ఇంజనీరు. అంతకు పూర్వము ఎఱిగిన ధర్మలిపులలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అను బిరుదులు మాత్రమే యుండగా, అశోకుడను పేరు ఆయన ధర్మలిపులలో తొలుత చదువబడినది మస్కిలోనే. దానిని పరిష్కరించి ప్రకటించినవారు హెచ్. కృష్ణశాస్త్రిగారు. ఆ గని ఇంజనీరు తన వెదుకులాటలో పడి ఆ అక్షరములను దాటిపోయియుండవచ్చును. దాటిపోలేదు, నిలిచి చూచెను. బ్రూస్ ఫూట్ అలవఱచుకొనిన దృష్టి అదియే.

మౌర్యుల అధికారులు ఈ మారుమూల ఱాతికొండలలో ఆజ్ఞలు చెక్కించుటకు కారణము బంగారమేనా యన్న ప్రశ్నకు సమాధానము గ్రంథాలయములలో దొరకదు. అది గోతుల అడుగున బొగ్గులో, కాలిన కొయ్యలో, విఱిగిన కుండపెంకులలో ఉన్నది. ఒక్క హట్టిలో దొరకిన కొయ్యముక్క వలన శాతవాహనుల కాలము మనకు నిశ్చయముగా తెలిసినది. మిగిలిన చోట్ల అట్టి కొయ్యను ఎవరు భద్రపఱచినారు? రామగిరిలో పాతగోతులను శుభ్రముచేసినప్పుడు వెలికివచ్చిన వస్తువులు కుప్పలలో కలిసిపోయెను. జొన్నగిరిలో నేటి గని లోతుగా, వెడల్పుగా తెఱచు పద్ధతిది. పెద్ద యంత్రములు ఒక్క దినములో తొలగించు మట్టిలో రెండువేల యేండ్ల చరిత్ర అంతయు గలసిపోగలదు. గని వలదని నేను చెప్పుట లేదు. అన్వేషణకు జీవితమిచ్చినవాడను గనుక చెప్పజాలను. దేశమునకు కావలసిన బంగారములో దాదాపు అంతయు బయటినుండి తెచ్చుకొనుచున్న మనము, ఉన్న సిరను త్రవ్వుకొనవలసినదే. బంగారమునకు మనకు మిగిలిన ప్రధానమైన ఆశ ఈ మేఖలలే.

నేను కోరునది స్వల్పము. ఏ పాత గోతిపైనైనను యంత్రము దిగుటకు ముందు దాని కొలతలు తీసి పటము గీయవలెను. దాని అడుగునుండి బొగ్గు నమూనాను మట్టి అంటకుండ తీసి, కాలనిర్ణయమునకు పంపవలెను. చుట్టునున్న నూఱుడు బండలను పేల్చివేయక, పెకలించి ప్రక్కకు చేర్చవలెను. సుత్తెఱాళ్లు, కుండపెంకులు, బంగారము కరగించిన మూసల ముక్కలు దొరకినచో సంచిపై తావు, లోతు వ్రాసి పురావస్తుశాఖకు అప్పగింపవలెను. ఈ పనిని గనుల అనుమతిపత్రములో షరతుగా చేర్చుటకు కొత్త శాసనమేమియు అక్కరలేదు. దానివలన భూగర్భశాస్త్రమునకు గూడ లాభమే: పూర్వుల గోతి సాగిన దిక్కును, ఆగిన లోతును కొలిచినవాడు, ఎక్కడ రంధ్రము వేయవలెనో సగము తెలిసికొనినవాడే. జొన్నగిరి గోతులు ఇంకను మొత్తము పోలేదు. చిగురుగుంట, రామగిరి కొండల వాలులపై ముళ్లపొదల చాటున కొన్ని మిగిలియున్నవి. ఒక సర్వేయరును, ఒక పురాతత్త్వవేత్తను, ఆ కొండలెఱిగిన ఊరివారిని ఇద్దఱు ముగ్గురను వెంటబెట్టుకొని వచ్చు ఎండకాలము వానలు పడకమునుపే అక్కడికి పోవలెను.